ఇర్వింగ్‌లో మా డెంటల్ క్లినిక్: స్పానిష్ పోస్టులకు లైకులు వస్తున్నాయి, హిస్పానిక్ కుటుంబాలు మాత్రం రావడం లేదు

కృష్ణాతీరం (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా చెల్లెలు డెంటిస్టు. దక్షిణ ఇర్వింగ్‌లో సొంత క్లినిక్ నడుపుతోంది. అపాయింట్‌మెంట్లు, బిల్లింగు, ప్రకటనలు నేను చూసుకుంటాను. లాస్ కొలీనాస్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. మేమున్న వైపు మాత్రం వీధి వీధంతా హిస్పానిక్ కుటుంబాలే, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లే. మా ప్లాజాలోనే మెక్సికన్ బేకరీ, ఎదురుగా ఊళ్లకు డబ్బు పంపే షాపు, రెండు సందుల అవతల ఆదివారం స్పానిష్‌లో ప్రార్థనలు జరిగే చర్చి. ఇంత దగ్గరలో ఉండి కూడా మా పేషెంట్లలో వాళ్లు పదిమందికి ఒకరు కూడా లేరు.

ఒక మార్కెటింగ్ ఏజెన్సీకి నెలనెలా డబ్బు కట్టాం. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో స్పానిష్ పోస్టులు వేశారు. మే 5న మెక్సికన్ పండగంటూ పెద్ద టోపీ పెట్టుకుని గిటారు వాయిస్తున్న పన్ను బొమ్మ ఒకటి, తెల్లటి పళ్లతో నవ్వే మోడల్స్ ఫొటోలు కొన్ని. లైకులు బాగానే వచ్చాయి. ఫోన్లు మాత్రం ఎప్పుడో ఒకటి. వచ్చినవి కూడా సగంలో కట్ అయిపోతున్నాయి.

పన్ను పూర్తిగా పుచ్చిపోయి, రాత్రంతా ఏడ్చి, ఇక భరించలేక వచ్చే పిల్లలను చూస్తే చెల్లెలికి కడుపు తరుక్కుపోతుంది. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో పోయేది కదా అంటుంది. ఈ కుటుంబాలను నిజంగా చేరుకోవాలంటే సోషల్ మీడియాలో ఏం చేయాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

హాల్‌బాబాయ్ (హ్యూస్టన్)

అమ్మా, ముందు ఒక్కటి చెప్పు. స్పానిష్ పోస్టు చూసి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతున్నారు? ఏ భాషలో మాట్లాడుతున్నారు?

కృష్ణాతీరం

ఎక్కువగా నేనే ఎత్తుతాను బాబాయ్ గారూ. ఇంగ్లిష్‌లోనే. నేను బిజీగా ఉంటే వాయిస్ మెయిల్‌కి పోతుంది, అదీ ఇంగ్లిషే.

హాల్‌బాబాయ్

అయితే ఫోన్లు ఎందుకు కట్ అవుతున్నాయో తెలిసిపోయినట్టే. స్పానిష్‌లో రమ్మని పిలిచి, తీరా వచ్చాక గుమ్మంలో ఇంగ్లిష్‌లో పలకరిస్తే, ఆ పిలుపు తమకోసం కాదనే అనుకుంటారు. పోస్టుల మీద పెట్టే ఖర్చు ఒక నెల ఆపు. స్పానిష్ ఇంట్లో పుట్టి పెరిగిన అమ్మాయినో అబ్బాయినో రిసెప్షన్‌లో పెట్టుకో. మిగతా సంగతులు తర్వాత వివరంగా రాస్తాను, ఇప్పుడు హాల్లో పెళ్లి పని ఉంది.

పిక్సెల్_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

బాబాయ్ గారి మాటే నాదీ. యాడ్స్ వైపు నుంచి కొంచెం చెప్తాను, ఈ పనిలోనే ఉన్నాను.

ఏజెన్సీ మీకు "హిస్పానిక్ ఆడియన్స్‌ని టార్గెట్ చేస్తున్నాం" అని చెప్పి ఉంటే, అదెలా చేస్తున్నారో అడగండి. ఫేస్‌బుక్‌లో అలాంటి వర్గం ఒకప్పుడు ఉండేది. ఇళ్ల అద్దెల యాడ్స్ కొన్ని జాతులవాళ్లకు కనపడకుండా చేస్తున్నారని పెద్ద గొడవ నడిచింది. 2019లో అమెరికా గృహ నిర్మాణ శాఖే ఫేస్‌బుక్ మీద అభియోగం మోపింది. 2020 ఆగస్టులో ఆ వర్గాలు తీసేశారు. 2022 జనవరి నుంచి జాతి, ఆరోగ్యం, మతం లాంటి వాటికి సంబంధించిన టార్గెటింగ్ ఆప్షన్లు కూడా చాలావరకు పోయాయి.

ఇప్పుడు మీకు ముఖ్యంగా పనికొచ్చేవి రెండే. ఫోన్‌లో ఫేస్‌బుక్‌ని ఏ భాషలో వాడుతున్నారన్నది ఒకటి, క్లినిక్ చుట్టూ ఎన్ని మైళ్లు అన్నది రెండోది. భాష మీద ఆధారపడితే ఒక చిక్కు ఉంది. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ ఫోన్ సెట్టింగ్స్ ఇంగ్లిష్‌లో ఉంచుకునే వాళ్లు బోలెడంతమంది. వాళ్లంతా జారిపోతారు. అందుకే ఇలాంటి క్లినిక్‌లకు నేను మూడు నాలుగు మైళ్ల పరిధి పెట్టి, భాష ఫిల్టర్ లేకుండా, ఒకే యాడ్‌ని స్పానిష్‌లో ఒకటి, రెండు భాషలూ కలిపి ఒకటి వదులుతాను. ఎవరికి ఏది నచ్చుతుందో రెండు వారాల్లో లెక్కలే చెప్తాయి.

నెల్లూరు_నాని (అట్లాంటా)

నాకు ఒక సందేహం. అసలు స్పానిష్ ఎందుకు? అమెరికాలో ఉన్న హిస్పానిక్ జనంలో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టినవాళ్లు. మా ఆఫీసులో మెక్సికన్ మూలాలున్నవాళ్లు నలుగురున్నారు, ఒక్కరికీ స్పానిష్ సరిగా రాదు. ఇంగ్లిష్‌లోనే మంచి పోస్టులు పెట్టి, మంచి వైద్యం చేస్తే సరిపోదా? విడిగా చూస్తే కొందరికి చిన్నతనంగా కూడా అనిపించవచ్చు.

ఓరుగల్లు_బిడ్డ (హైదరాబాద్)

నాని గారూ, మీ సందేహంలో బలం ఉంది. నేను ఇక్కడి విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ చదివాను. ఇప్పుడు ఇక్కడి నుంచే అమెరికా క్లినిక్‌లకు, షాపులకు స్పానిష్ కంటెంట్ రాస్తుంటాను. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు 2023లో దీని మీదే ఒక నివేదిక ఇచ్చారు. లాటినోల్లో (హిస్పానిక్ జనాన్నే ఇలా కూడా అంటారు) నలుగురిలో ముగ్గురు స్పానిష్‌లో బాగానే మాట్లాడగలమన్నారు. మూడో తరం, ఆ తర్వాతి వాళ్లలో మాత్రం మూడింట రెండొంతుల మందికి సంభాషణ సాగించేంత రాదు. స్పానిష్ రానివాళ్లలో సగానికి పైగా, తమవాళ్లే తమను కించపరిచారని చెప్పుకొన్నారు. లాటినో అనిపించుకోవడానికి స్పానిష్ వచ్చి తీరాలా అంటే, అక్కర్లేదన్నవాళ్లు 78 శాతం. కాబట్టి స్పానిష్‌లో రాస్తే చాలు, వాళ్లంతా మనవాళ్లవుతారని అనుకోవడం పొరపాటే.

కానీ కృష్ణాతీరం అక్క అడుగుతున్నది కుటుంబాల గురించి. ఆ ఇంట్లో పదహారేళ్ల అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంగ్లిష్ రీల్ చూస్తుంది. వాళ్లమ్మ ఫేస్‌బుక్‌లో వీధి గ్రూపుల్లో స్పానిష్‌లో "పిల్లలకు మంచి డెంటిస్టు ఎవరైనా తెలుసా" అని అడుగుతుంది. అమ్మమ్మకి వాట్సాప్ తప్ప వేరే లోకం లేదు. తమ్ముడి పన్ను ఎక్కడ చూపించాలన్నది ఈ ముగ్గురూ వంటగదిలో మాట్లాడుకుని తేలుస్తారు. అందుకే ముగ్గురికీ ఏదో ఒకటి చేరాలి. అమ్మాయికి ఇంగ్లిష్‌లో, వాళ్లమ్మకి స్పానిష్‌లో, అమ్మమ్మకి గట్టిగా వినిపించే ముప్పై సెకన్ల వీడియో.

ఇంకొక సంగతి. ఇక్కడ హైదరాబాద్‌లో కొన్ని చోట్ల ఇంగ్లిష్ పోస్టుని మెషీన్‌లో వేసి, వచ్చిన స్పానిష్‌ని అలాగే ఎక్కించేస్తున్నారు. ఎదుటివాళ్లు దాన్ని ఒక్క చూపులో పసిగడతారు. ప్రభుత్వం కూడా ఈ పని చేసి తిట్లు తిన్నది. ఒబామా కేర్, అంటే ఒబామా తెచ్చిన ఆరోగ్య ఇన్సూరెన్స్ పథకం, ఇంగ్లిష్ వెబ్‌సైట్ 2013 అక్టోబర్ 1న మొదలైతే, స్పానిష్ సైట్ రెండు నెలలు దాటాక డిసెంబర్‌లో వచ్చింది. వచ్చినదాన్ని చదివినవాళ్లు కంప్యూటర్ రాసినట్టుందన్నారు. ఇన్సూరెన్స్ అవసరం ఎక్కువగా ఉన్నది ఎవరికో వాళ్లకే అలాంటి సైట్ ఇవ్వడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కృష్ణాతీరం

చెల్లీ, నువ్వు రాసింది మా చెల్లెలికి చదివి వినిపించాను. "పిల్లాడిని తీసుకొచ్చేది అమ్మే, కానీ కుర్చీలో కూర్చున్నాక ప్రశ్నలన్నీ అడిగేది అక్క" అంది. అమ్మకీ డాక్టరుకీ మధ్య ఆ అమ్మాయే దుబాసీ.

మందులషాపు (ప్యాటర్సన్, న్యూజెర్సీ)

కృష్ణాతీరం గారూ, అక్కడ ఆగండి. ఆ పిల్ల చేత దుబాసీ పని చేయించడం నిబంధనలకు విరుద్ధం. ఫెడరల్ డబ్బు తీసుకునే వైద్యశాలలు, అంటే పిల్లల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్) తీసుకునే మీరు కూడా, ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో తప్ప మైనర్ పిల్లలను అనువాదకులుగా వాడకూడదు. ఫోన్‌లో దుబాసీ సేవలు దొరుకుతాయి, పెట్టుకోండి. అది ఉందని ఫేస్‌బుక్ పేజీలో పైనే రాయండి. దానికంటే మంచి ప్రకటన ఇంకోటి ఉండదు.

నేను ఫార్మసిస్టుని. మా ఊరు గురించి చెప్తే మీకు పనికొస్తుందేమో. ప్యాటర్సన్‌లో పెరూవాళ్లు చాలా ఎక్కువ. మా షాపు ఉన్న వీధి చుట్టుపక్కల పెరూ జెండా లేని హోటల్ వెతకాలి. వాళ్లతో పాటు డొమినికన్లు, ప్యూర్టో రికన్లు ఉన్నారు. బయటివాళ్లకి అందరూ హిస్పానిక్కులే. వాళ్లలో వాళ్లకి మాత్రం ఎవరి ఊరు వాళ్లది, ఎవరి పండగ వాళ్లది. సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం అని దేశమంతా పోస్టులు పెడతారు కదా. సెప్టెంబర్ 15 అయిదు మధ్య అమెరికా దేశాల స్వాతంత్ర్య దినం, 16 మెక్సికోది. పెరూవాళ్లది జూలై 28. మేము ఆ రోజు షాపు తలుపుకి ఎరుపు తెలుపు రిబ్బన్లు కట్టి, వచ్చిన పెద్దవాళ్లకి బీపీ చూసి, ఒక ఫొటో పెట్టాం. ఏడాది మొత్తం మీద ఎక్కువ షేర్లు వచ్చింది దానికే.

కాబట్టి మీ చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లో ముందు తెలుసుకోండి. దేశం మొత్తం మీద చూస్తే పదిమందిలో ఆరుగురి దాకా మెక్సికో మూలాలున్నవాళ్లే. టెక్సాస్‌లో ఇంకా ఎక్కువ. అయినా మీ వీధిలో సాల్వడోర్‌వాళ్లు, హోండురాస్‌వాళ్లు ఎంతమందో బేకరీలో అడిగితే చెప్తారు.

హిస్పానిక్ వంట సరుకులు అమ్మే గోయా కంపెనీ ఏం చేస్తుందో చూడండి. 1936లో న్యూయార్క్‌లో మొదలైంది. క్యూబావాళ్లున్న చోట నల్ల చిక్కుళ్లు, మెక్సికోవాళ్లున్న చోట పింటో చిక్కుళ్లు, ప్యూర్టో రికన్లకి ఎర్రవి. ఏ పేటలో ఏ డబ్బా ముందు పెట్టాలో వాళ్లకి కొట్టిన పిండి. 2020లో వాళ్ల అధిపతి వైట్‌హౌస్‌లో ట్రంప్‌ని పొగిడితే, అదే జనం సోషల్ మీడియాలో బహిష్కరణకి పిలుపునిచ్చారు. ఎన్నేళ్ల బంధమైనా ఒక్క రోజులో ప్రశ్నార్థకమవుతుంది.

సీమ_ఒర్లాండో (కిస్సిమ్మీ, ఫ్లోరిడా)

మందులషాపు గారు చెప్పినదానికి మా వైపు నుంచి ఒక ఉదాహరణ. నాకు తెలిసిన ఒక అర్జెంట్ కేర్ క్లినిక్ వాళ్లు వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన స్పానిష్ యాడ్ ఇక్కడ వేశారు. అందులో "మీ ఇమిగ్రేషన్ కాగితాలు అడగం" అని పెద్ద అక్షరాలతో ఉంది. టెక్సాస్‌లో అది కొందరికి ధైర్యం ఇస్తుందేమో. ఇక్కడ ఉన్నది ఎక్కువగా ప్యూర్టో రికన్లు. ప్యూర్టో రికో దీవి అమెరికాదే, 1917 నుంచి వాళ్లు అమెరికా పౌరులు. 2017లో ఆ దీవిని మరియా తుపాను దెబ్బతీశాక వేలమంది ఇక్కడికి వచ్చారు, తమ దేశంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారినట్టే. "మమ్మల్ని కాగితాలు అడగడానికి మీరెవరు" అని కామెంట్ల కింద ఉతికేశారు. యాడ్ తీసేసినా స్క్రీన్‌షాట్లు చాలా రోజులు తిరిగాయి.

మే 5 బొమ్మ గురించి కూడా చెప్పాలి. అది 1862లో ప్యూబ్లాలో మెక్సికన్లు ఫ్రెంచ్ సైన్యాన్ని ఓడించిన రోజు. మెక్సికోలోనే ప్యూబ్లా దాటితే పెద్ద పండగేం కాదు. ఇక్కడ బీరు కంపెనీలు దాన్ని పెద్దది చేశాయి. టోపీ పెట్టిన పన్ను బొమ్మ చూసి ఏ తల్లీ పిల్లాడిని తీసుకురాదు.

హాల్‌బాబాయ్

ఇప్పుడు తీరిక దొరికింది, వివరంగా రాస్తాను.

నాది హ్యూస్టన్‌లో ఫంక్షన్ హాల్. మొదట్లో మన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్ల కోసమే కట్టాం. మనవాళ్ల ముహూర్తాలు లేని నెలల్లో హాలు ఖాళీగా ఉండేది. ఒకరోజు మా దగ్గర వంటలో పనిచేసే ఆవిడ, మెక్సికోలో గువానహువాతో నుంచి వచ్చినావిడ, తన కూతురి కిన్సెయాన్యేరాకి హాలు అడిగింది. అమ్మాయికి పదిహేనేళ్లు నిండితే చేసే వేడుక అది. మన ఓణీల ఫంక్షన్ చూసినవాడికి కొత్తగా ఏం అనిపించదు. పెద్ద గౌను, చుట్టాలందరూ, తండ్రి కళ్లలో నీళ్లు. ముందు చర్చిలో ప్రార్థన, తర్వాత హాల్లో తండ్రితో వాల్ట్జ్ నాట్యం, తోడుగా కుర్రాళ్లు, అమ్మాయిలు వరుసగా నిలబడతారు. నాట్యం నెలల తరబడి ప్రాక్టీసు చేస్తారు.

ఆ ఫంక్షన్ దగ్గరుండి చూశాక నాకు అసలు సంగతి అర్థమైంది. ఖర్చు తల్లిదండ్రులు ఒక్కరే పెట్టుకోరు. పద్రినోస్ అని ఉంటారు. మేనత్త కేకుకి, జ్ఞానపిత గౌనుకి, పక్కింటి కుటుంబం సంగీతానికి, ఇంకెవరో హాలుకి. ఎవరెవరు ఏం ఇచ్చారో ఆహ్వాన పత్రికలో పేర్లు వేస్తారు. అంటే నా హాలు ఎంచుకునేది ఒక్క తల్లి కాదు, పది పన్నెండు ఇళ్లు. అప్పటిదాకా నేను ఫేస్‌బుక్‌లో "హాలు అద్దెకు, ఫోన్ చేయండి" అని వేసేవాడిని. తర్వాత ఏం చేశానంటే, ధర మొత్తం విడివిడిగా రాసి, ఒక్క బొమ్మలో పెట్టాను. హాలుకి ఇంత, కుర్చీలకి ఇంత, సెక్యూరిటీకి ఇంత, రాత్రి ఎన్ని గంటలదాకా, సొంత వంటవాళ్లను తెచ్చుకోవచ్చా లేదా. అత్త ఆ బొమ్మ చూసి "కుర్చీలు నేను పెట్టుకుంటాను" అని వాట్సాప్‌లో అనగలగాలి. ఆ ఒక్క బొమ్మ ఎన్ని కుటుంబాల గ్రూపుల్లో తిరిగిందో నాకే తెలియదు. హాలు చూడ్డానికి వచ్చేసరికే ఫోన్‌లో అది తెరిచి చూపించేవాళ్లు.

ధర దాచిపెట్టి "కాల్ చేస్తే చెప్తాం" అంటే మోసం చేస్తారేమో అనుకుంటారు. భాష రాక అటూ ఇటూ దెబ్బతిన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ధర ముందే చెప్పడం నా దృష్టిలో గౌరవం ఇవ్వడం.

ఇంకోటి. ఫంక్షన్ వీడియోలు నేను తీయించను, వాళ్లే తీసి పెడతారు. అడిగి, ఒప్పుకుంటేనే మా పేజీలో షేర్ చేస్తాను. అమ్మాయి మైనరు కాబట్టి తల్లి సంతకం తీసుకుంటాను.

కృష్ణాతీరం

బాబాయ్ గారూ, చాలా బాగా చెప్పారు. ధర మాట వచ్చింది కాబట్టి మా కష్టం చెప్తాను. టెక్సాస్‌లో పిల్లలకు మెడికెయిడ్ కింద పళ్ల వైద్యం ఉంది, పెద్దవాళ్లకు దాదాపు లేనట్టే. ఇన్సూరెన్స్ లేని పెద్దవాళ్లు సెలవుల్లో సరిహద్దు దాటి న్యువో ప్రోగ్రెసో వెళ్లి పళ్లు కట్టించుకుని వస్తున్నారు. మా ధరలు చూస్తే ఇంకా బెదిరిపోరా?

మందులషాపు

బెదరరు. సరిహద్దు అవతల తక్కువకు చేస్తారన్నది వాళ్లకు మీకంటే బాగా తెలుసు. అరిజోనా పక్కన లోస్ అల్గొదోనెస్ అనే చిన్న ఊరు ఉంది, వీధుల నిండా డెంటిస్టులే, అమెరికన్లు కార్లు ఆ పక్క ఆపుకుని నడిచి వెళ్తారు. ఆ ధరతో మీరు పోటీ పడలేరు. కానీ ఇర్వింగ్ నుంచి సరిహద్దుకి పూట పట్టే ప్రయాణం. వచ్చాక నొప్పి పుడితే ఎవరు చూస్తారు? ఒక పని చేయండి. రూట్ కెనాల్, క్రౌన్, పన్ను తీయడం, ఈ మూడింటి ధరలు, వాయిదాల్లో కట్టే వీలు ఉంటే అదీ స్పానిష్‌లో రాసి పెట్టండి. పిల్లల మెడికెయిడ్ తీసుకుంటామని అన్నింటికంటే పైన రాయండి. తమ పిల్లలకు అర్హత ఉందని తెలియని తల్లులు చాలామంది ఉంటారు.

నమ్మకం గురించి కూడా ఒక మాట. 2020 జనాభా లెక్కల్లో హిస్పానిక్ జనం 6.21 కోట్లు అని తేలింది. తర్వాత ప్రభుత్వమే సరిచూసుకుంటే, వాళ్లలో దాదాపు 5 శాతం మంది లెక్కలోకి రాలేదని బయటపడింది. 2010లో అది 1.5 శాతమే. స్పానిష్‌లో ప్రకటనలకు కొదవలేదు. కానీ పౌరసత్వ ప్రశ్న పెడతారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు ఆపినా భయం మాత్రం ఉండిపోయింది. దాని మీద కోవిడ్ వచ్చిపడింది. భయపడ్డ మనిషి చేత తలుపు తీయించేది బ్యానర్ కాదు, తెలిసిన ముఖం.

వైద్య రంగంలో అందుకే ప్రొమోతోరాలు ఉన్నారు. ఆ పేటలోనే ఉండే ఆడవాళ్లు, శిక్షణ తీసుకుని ఇంటింటికీ తిరిగి షుగరు, టీకాల గురించి చెప్తారు. కోవిడ్ టీకాలప్పుడు మా దగ్గరికి ఒకావిడ తన వీధివాళ్లను వెంటబెట్టుకుని తీసుకొచ్చేది. ఆవిడ తన ఫోన్‌లో తీసిన, వణుకుతున్న వీడియో మేము డబ్బు పెట్టి తీయించిన దానికంటే ఎక్కువమందిని కదిలించింది. లక్ష ఫాలోవర్లున్న ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ఇచ్చే డబ్బు అలాంటి మనిషికి గౌరవ వేతనంగా ఇవ్వండి. డబ్బు ఇస్తున్నప్పుడు ఆ సంగతి పోస్టులో చెప్పాలి, అది చట్టం.

పిక్సెల్_ప్లేనో

వాట్సాప్ మాట అందరూ అంటున్నారు కాబట్టి దాని లోతుపాతులు కొంచెం.

ప్యూ వాళ్ల 2023 సర్వేలో హిస్పానిక్ పెద్దల్లో 54 శాతం వాట్సాప్ వాడుతున్నారు, తెల్లవాళ్లలో 20 శాతం. కాబట్టి అక్కడ ఉండి తీరాలి. కానీ పెద్ద ఎత్తున ప్రచార సందేశాలు పంపే దారి అమెరికా నంబర్లకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వాట్సాప్, ఫేస్‌బుక్‌ల సొంతదారు మెటా వాటిని ఆపేసింది. ఏజెన్సీ ఎవరైనా "వేలమందికి వాట్సాప్ బ్లాస్ట్ చేస్తాం" అంటే డబ్బు ఇవ్వకండి. అవతలివాళ్లు ముందు మీకు మెసేజ్ పెడితే మీరు జవాబివ్వడంలో ఏ ఇబ్బందీ లేదు. అందుకే యాడ్ కింద "కాల్" బదులు "వాట్సాప్‌లో అడగండి" బటన్ పెట్టండి. ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్లు స్పానిష్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడానికి వెనకాడరు. జవాబు అదే రోజు వెళ్లాలి, వీలైతే వాయిస్‌లోనే.

ఒక గట్టి హెచ్చరిక. వాట్సాప్‌లో చిరునామా, సమయాలు, ధరలు, అపాయింట్‌మెంట్ వరకే మాట్లాడండి. ఎక్స్‌రేలు, మందులు, పేషెంటు వివరాలు వద్దు. గూగుల్ రివ్యూలకు జవాబు రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 2019లో మన డల్లాస్‌లోనే ఒక డెంటల్ క్లినిక్, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక రివ్యూకి జవాబిస్తూ పేషెంటు పేరు, వైద్యం వివరాలు బయటపెట్టినందుకు 10,000 డాలర్లు కట్టింది. స్పానిష్ రివ్యూకి స్పానిష్‌లోనే జవాబివ్వండి. "ధన్యవాదాలు, మాకు ఫోన్ చేయండి" చాలు. ఫలానా రోజు మీరు వచ్చారు అని కూడా రాయొద్దు.

నెల్లూరు_నాని

ఇవన్నీ చదివాక నేను మొదట అడిగినదానికి జవాబు దొరికింది. ఇంకొకటి అడుగుతాను. చికిత్స అయ్యాక నవ్వుతున్న కుటుంబాల ఫొటోలు, వెయిటింగ్ రూమ్ నిండా జనం ఉన్న వీడియోలు రోజూ పెడితే, తమవాళ్లు అక్కడికి వెళ్తున్నారని చూసి మిగతావాళ్లకు ధైర్యం రాదా?

ఓరుగల్లు_బిడ్డ

నాని గారూ, రెండేళ్ల క్రితమైతే నేనూ సరే అనేదాన్ని. 2025 జనవరిలో ఆసుపత్రులు, బడులు, చర్చిల దగ్గర ఇమిగ్రేషన్ అరెస్టులు చేయకూడదన్న పాత విధానాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత నేను రాసే క్లినిక్‌ల నుంచి వచ్చే ప్రశ్నలే మారిపోయాయి. ఒకే ఇంట్లో పౌరులైన పిల్లలు, కాగితాలు లేని తండ్రి ఉండొచ్చు. వెయిటింగ్ రూమ్ వీడియోలో ఒకరి ముఖం, బయట కారు నంబరు, పక్కన లొకేషన్ ట్యాగ్ ఉంటే, ఆ కుటుంబం మళ్లీ మీ గడప తొక్కదు. మోడెలో బీరు అమ్మే కాన్‌స్టెలేషన్ కంపెనీకి బీరు అమ్మకాల్లో సగం దాకా హిస్పానిక్ కొనుగోలుదారుల నుంచే. వాళ్లు బయటికి రావడం, నలుగురూ కలవడం తగ్గించారని ఆ కంపెనీయే 2025లో చెప్పింది. బీరుకే అంత తేడా కనిపిస్తే వైద్యానికి ఎంతుంటుందో ఆలోచించండి.

డాక్టరు ముఖం చూపించండి, రిసెప్షన్ అమ్మాయి ముఖం చూపించండి, కుర్చీ, గది చూపించండి. పేషెంట్లను చూపించొద్దు.

నిర్వాహకులు

కొందరు సభ్యులు ఏజెన్సీల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టారు. వాటిని తొలగించాం. చర్చ కొనసాగించండి.

కృష్ణాతీరం

అందరికీ మళ్లీ నమస్కారం. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

ఏజెన్సీని ఆపేశాం. రిసెప్షన్‌కి ఈ పేటలోనే పెరిగిన అమ్మాయిని తీసుకున్నాం. వాళ్లమ్మ రెండు సందుల అవతల ఉన్న ఆ చర్చిలో పాటలు పాడుతుంది. మొదటి వారంలోనే ఆ అమ్మాయి నా పోస్టులన్నీ చూసి, "అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు, అన్నీ బొమ్మలే" అంది. ఇప్పుడు వారానికి ఒక వీడియో. చెల్లెలు వచ్చీరాని స్పానిష్‌లో పలకరిస్తుంది, మిగతాది ఆ అమ్మాయి చెప్తుంది. పాలసీసా నోట్లో పెట్టి పిల్లాడిని నిద్రపుచ్చితే ముందు పళ్లు ఎలా పాడవుతాయో చూపించిన వీడియో చాలా గ్రూపుల్లో తిరిగింది. ధరల బొమ్మ బాబాయ్ గారు చెప్పినట్టే చేశాం. వాట్సాప్‌లో ఎక్కువగా వాయిస్ మెసేజ్‌లే వస్తున్నాయి, అవి కూడా సాయంత్రం ఏడు దాటాక, పనుల నుంచి ఇంటికి చేరాక. ఫోన్ దుబాసీ సేవ పెట్టుకున్నాం. అక్కలు ఇప్పుడు కుర్చీ పక్కన నిలబడి తమ్ముడి చెయ్యి పట్టుకుంటున్నారంతే.

ఏప్రిల్ 30 మెక్సికోలో పిల్లల దినోత్సవమని ఆ అమ్మాయే చెప్పింది. ఆ రోజు పిల్లలకు ఉచితంగా పళ్లు చూద్దామనుకుంటున్నాం. బేకరీ ఆయన తన కౌంటర్ మీద కాగితం పెడతానన్నాడు. దీనికి ఫేస్‌బుక్‌లో ఈవెంట్ పెట్టాలా, వద్దా? ఓరుగల్లు చెల్లి చెప్పిన భయం గుర్తుకొచ్చి ఆగాను.

ఓరుగల్లు_బిడ్డ

ఈవెంట్ పెట్టకండి అక్కా. ఎవరెవరు వస్తున్నారో పేర్లు బయటికి కనిపిస్తాయి. మామూలు పోస్టు పెట్టి, వాట్సాప్‌లో టైమ్ తీసుకోమనండి. పావుగంటకి ఒక కుటుంబం చొప్పున పిలిస్తే బయట వరుస కూడా ఉండదు. పేరు, పిల్లల వయసు తప్ప ఇంకేం అడగొద్దు.

హాల్‌బాబాయ్

బేకరీ కాగితం మీద మీ రిసెప్షన్ అమ్మాయి పేరు, వాట్సాప్ నంబరు పెద్దగా వేయించు తల్లీ. క్లినిక్ పేరు కింద చిన్నగా ఉన్నా ఫర్వాలేదు. చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లమ్మ చేత నాలుగు మాటలు చెప్పించగలిగితే ఇంకా మంచిది. ఫాదర్ గారిని ముందే కలిసి అడుగు, చివరి వారం దాకా ఆగకు.

కృష్ణాతీరం

రేపు సాయంత్రం ఫాదర్ గారిని కలుస్తున్నాం. ఆ అమ్మాయి, వాళ్లమ్మ, చెల్లెలు, నేను.